పెట్టెలో గంధం బొట్టు

పూర్ణా మార్కెట్ వెనక రేడియో రిపేరు కొట్టులో, బల్ల మీద కాలిపోయిన ఆంప్లిఫయరు ఇంకా కమురు కంపు కొడుతూనే ఉంది. బేస్ గిటారు వాయించే అతను తన స్పీకరు పెట్టెను రిక్షాలో తెచ్చి, మెకానిక్ ముందు దభీమని దించాడు.

"సత్యం మాస్టారితో ఏటి సెప్పినావు బావా? నాను తప్పుడు పెట్టె తగిలించి ఆంప్లిఫయరు కాల్సేసినానన్నావట! ఆర్కెస్ట్రాలోంచి నన్ను తీసేసినాడు."

"ఉన్నదే సెప్పినాను. దానికి ఎనిమిది ఓమ్సు పెట్టే తగిలించాల. నాలుగుది తగిలిత్తే బరువు మోయనేక కాలిపోద్ది. ఎన్నిసార్లు సెప్పినాను నీకు?"

"దీని ఎనకాల ఎనిమిదనే రాసుంది. కళ్లు కనబడతన్నాయా?"

మెకానిక్ మీటరు పెట్టి చూశాడు.

"రాత ఎనిమిదే. మీటరు నాలుగు కూడా సూపించట్లేదు. లోపల స్పీకర్లు ఎవుడో మార్సేసినాడు. ఏ సన్నాసి సేతికిచ్చినావు?"

ఆ మాటకి అతనికి ఒళ్లు మండిపోయింది.

"దసరాకి ముందు నీ సేతికే ఇచ్చినాను!"

"నా మీదకి తొయ్యకు. నాను బిగించిన ప్రతి స్పీకరుకీ సింహాచలం గంధం బొట్టెడతాను. ఊరంతటికీ తెలుసు."

"అయితే ఇప్పు."

"ఇప్పుతాను. బొట్టు నేకపోతే నా కాళ్లట్టుకుంటావా?"

"ముందు ఇప్పవయ్యా!"

వెనక చెక్క ఊడింది. లోపల రెండు స్పీకర్ల మీదా ఎండిన గంధం బొట్లున్నాయి. మెకానిక్ స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు.

"కొత్తవి ఏసినపుడు పాత రాత సెరపడం మర్సిపోయినాను బావా..."

"లెగు. సొక్కా ఏసుకో. ఈ పెట్టె నువ్వే మోసుకొచ్చి, మాస్టారికి ఆ బొట్లు నువ్వే సూపించాల."