ఆకుపచ్చ దారంతో కట్టిన రేకు

ఆ గ్రీకు ద్వీపానికంతటికీ ఉన్న ఒక్క డాక్టరమ్మ, పరీక్షకొచ్చిన ఆమె ఎడమ రొమ్మును మునివేళ్లతో మెల్లగా తడిమి చూసింది.

"ఈ గడ్డ ఎన్నాళ్ల నుంచి?"

"నెలయిందేమో."

"నెలలో ఇంత పెరగదక్కా. చర్చిలో మరియమ్మ పటానికి, జబ్బు నయం కావాలని రొమ్ము బొమ్మ అచ్చుకొట్టిన వెండి మొక్కు రేకులు వేలాడుతున్నాయి. నేనూ చూశాను."

"నల్లబడినది మా అమ్మది. మొక్కుకుంటూనే పోయింది."

"దాని పక్కన మెరిసేది?"

ఆమె తల దించుకుంది. "నాదే. పోయిన ఆగస్టులో మరియమ్మ పండక్కి కట్టాను."

"ఏడాదా! నా దగ్గరికి రావడానికి ఏం రోగం?"

"మీరు చూస్తే నిజమైపోతుందని భయమేసింది, డాక్టరమ్మా."

"రేపు పొద్దున పడవకి పట్నం వెళ్లి మామోగ్రాం తీయించుకోవాలి. సరే, ఆ మూడోది ఎవరిది?"

"మూడోదేంటి? ఉన్నవి రెండేగా."

"మొన్న ఆదివారం చూశాను. ఆకుపచ్చ పట్టుదారంతో కట్టుంది."

గుండీలు పెట్టుకుంటున్న ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"ఆకుపచ్చా? సరిగ్గా చూశారా?"

"చూశాను. ఏం?"

"మా అమ్మాయి ఆర్గిరో తన పెళ్లి దుప్పట్ల మీద ఆకులు కుడుతోంది. ఊళ్లో ఆ దారం దాని దగ్గరే ఉంది."

"తనకీ గడ్డ ఉందని నీతో ఏమీ అనలేదా?"

"ఎలా అంటుంది? నోరు మూసుకుని ఉండటం నా దగ్గరేగా నేర్చుకుంది."