రెక్కలపురుగుల పెండ్లికొడుకు

మద్దిలేటి చొక్కా కాలరు లోపల ఆ రబ్బరు బిళ్ళను పెట్టి కుట్టింది తానేనని చౌడేశ్వరి చానా దినాలు ఎవరికీ నోరు తెరిచి చెప్పలేదంట. నాయినకు చెప్పలేదు, మేనత్తకు చెప్పలేదు, సుంకులమ్మ గుడికాడ కండ్లు మూసుకోని మొక్కేటప్పుడు గూడ మిగతావన్నీ చెప్పుకోని ఆ ఒక్క మాటా మింగేసిందంట. ఏం బిళ్ళ, ఏం కాలరు అంటారా, చెప్తా ఉండండి. ఆ మూల మంచం మీద పండుకున్నాయన నడుమ నడుమ దగ్గుతాడు, మీరు పట్టించుకోవద్దు. ఆయనకు ఈ కథంటే పడదు.

ఆ యేడు ఏమైందంటే, చలికాలం చలి లేకుండానే వచ్చి పోయిందనుకో. పెట్టెలోనుంచి దుప్పటి తీసినోళ్ళు లేరు. ముసలోళ్ళంతా కీళ్ళు నొయ్యలేదని సంబరపడినారు. మన నల్లరేగట్లో శనగకు కావాల్సిందే చలి గదా, మంచు గదా. చలి లేకపోతే పురుగు చావదు. చావాల్సింది చావకపాయె, పిల్లల్ని పెట్టె, ఆ పిల్లలు మళ్ళీ పిల్లల్ని పెట్టె. శనగ కాయ పట్టే యాళకు పచ్చపురుగు వచ్చి పడిందంట చూడు, కాయ కాయకూ బెజ్జం, తల లోపల, ఒళ్ళు బయట, పెండ్లిలో బంతికి కూచున్నట్ల వరసగా కూచోని తింటాండాయంట. మందు కొట్టినారు. పురుగు తానం చేసినట్ల ఒళ్ళు దులుపుకోని మళ్ళీ తినబట్టింది. వేపగింజల కషాయం పోసినారు. దేవతకు మొక్కి చేను సుట్టూ పొలి అన్నం చల్లినారు. చౌడేశ్వరి నాయిన ఉసేనప్ప అయితే గట్టు మీద నిలబడి ఒక్కో పురుగును పేరు పెట్టి తిట్టినాడంట. పురుగులకు పేర్లు యాడివి అంటే, వాళ్ళ అత్తగారింటోళ్ళవి పెట్టుకున్నాడు.

ఇంగ చౌడేశ్వరి సంగతి. ఆ పిల్లకు ఒకచోట కాలు నిలవదు. బడి నడుమలోనే ఆగిపాయె గానీ ఏదో ఒకటి నేర్చుకోకుంటే అన్నం దిగదు. ఫోనులో చూసి కుట్టుమిషను నేర్చుకుంది, రవికెలు ఊరంతా ఆమె కాడికే వచ్చేవి. ఫోనులో చూసి మిక్సీ విప్పింది. మళ్ళీ బిగించేది చూసేలోపల కరెంటు పోయి ఫోను ఆగిపాయె, ఆ మిక్సీ ఇంగా మూటలోనే ఉండాదంట. అట్లాంటి పిల్ల పురుగు బాధ చూసి ఊరకుంటాదా. వెతికి వెతికి ఒకటి పట్టింది. ఏందంటే, ఆడ రెక్కలపురుగు వాసనను ఒక రబ్బరు బిళ్ళకు పట్టించి అమ్ముతారంట. ఆ బిళ్ళను బుట్టలో యాలాడదీస్తే, పొద్దు గూకే యాళకు మగ రెక్కలపురుగులు ఆ వాసనకు ఎగురుకుంటా వచ్చి బుట్టలో పడతాయి. మగవి పడిపోతే గుడ్లు లేవు, గుడ్లు లేకపోతే పచ్చపురుగు లేదు. నాయినను పోరు పెట్టి నంద్యాల నుంచి తెప్పించి చేన్లో కట్టెలు నాటి, కింద సంచి యాలాడే ఆ బుట్టలు కట్టింది.

పక్క చేను వాళ్ళ మేనత్త తిక్కమ్మది. తిక్కమ్మ కొడుకే మద్దిలేటి, చౌడేశ్వరికి బావ. మంచోడే గానీ నోరు ఊరకుండదు. గట్టు మీద నిలబడి, "ఏమ్మే చౌడీ, చేన్లో లంగోటీలు ఆరేసినావే" అన్నాడంట. ఆమె వాసన సంగతి చెప్పింది. పడి పడి నవ్వినాడు. "వాసనకు మగోడు వచ్చి పడిపోయేదానికి ఇదేమన్నా సంతలో బజ్జీల అంగడా. నీ బుట్టల్లోకి పురుగు గాదు గదా, ఈగ గూడ రాదు పో." అంతటితో ఊరకున్నాడా, లేదు. రచ్చకట్ట కాడ చెప్పె, మంగలంగడి కాడ చెప్పె, ఎవరు ఎదురైనా "మా చౌడి పురుగులకు సెంటు కొట్టింది, సూసినారా" అని చెప్పబట్టె. రవికె కొలతలకు వచ్చిన ఆడోళ్ళు గూడ ముక్కు ఎగబీల్చి, "ఏం సెంటమ్మా" అని అడగబట్టిరి. బుట్టల్లో పురుగులు పడతానే ఉండాయి, చూసేటోడు లేడు. నవ్వేటోళ్ళే అందరూ.

అట్లుండగా తిక్కమ్మ ఒక చొక్కా తెచ్చిచ్చింది. "మ్మే, మీ బావది కాలరు అరిగిపోయింది, తిప్పి కుట్టు" అనింది. చౌడేశ్వరి ఏమనుకుంది, కాలరు అరిగిన చొక్కా చేన్లోకి గాక యాడికి ఏసుకుంటాడులే అనుకుంది. బిళ్ళ ఒకటి మిగిలింది గూట్లో ఉండె. కాలరు తిప్పేటప్పుడు దాన్ని రెండు మడతల నడుమ పెట్టి సన్నగా కుట్టేసింది. వాసనకు వస్తాయో రావో నీ మెడకాడనే సూస్తువు లే బావా అనుకోని నవ్వుకుందంట.

తిక్కమ్మ ఏం చెప్పలేదంటే, ఆ చొక్కా పెండ్లిచూపులకు అని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు. ఇంట్లో ఈడొచ్చిన మేనకోడల్ని పెట్టుకోని బయట పిల్లను చూసేదానికి పోతాండారు గదా, అన్న నొచ్చుకుంటాడని. మనోళ్ళ కత తెలిసిందే, కుదిరినంక చెప్తారు, కుదిరేదాక దాస్తారు. చౌడేశ్వరి ఒకటి దాచె, తిక్కమ్మ ఒకటి దాచె, రెండూ పోయి ఆ అమాయకుని కాలరులో కూచునె.

వాగు అవతలి ఊర్లో పిల్ల. పేరు కుళ్ళాయమ్మ. పిల్ల చక్కగుంటాది. నన్నడిగితే చానా చక్కగుంటాది. ఏం మూలాయనా, దగ్గుతావు, గాదా ఏంది? దీపాలు పెట్టే యాళ మంచిదని ఆ పొద్దుకే పోయినారు. మద్దిలేటి కుర్చీలో కూచున్నాడు. నూనె పెట్టి తల దువ్వినాడు, మీసం సరిజేసుకున్నాడు. పిల్ల కాఫీ తెచ్చింది. అప్పుడు ఒక రెక్కలపురుగు వచ్చి మీసం మీద కూచుందంట. విదిలించుకున్నాడు. ఇంగోటి వచ్చి భుజం మీద కూచునె. ఇంగోటి చెవి మీద. వాళ్ళ ఇల్లు శనగచేన్ల నడుమనే ఉండె, పురుగులకు యాడ తక్కువ. కిటికీలోనుంచి వచ్చె, వాకిట్లోనుంచి వచ్చె, దూలాల సందునుంచి రాలె. దీపం ఒకటి ఎలుగుతానే ఉండాది, దాని మొగం చూసినవి లేవు, అన్నీ మద్దిలేటి మెడనే. ఒకటి కాఫీలో పడింది. కొత్తచోటు, తియ్యొచ్చో తియ్యకూడదో తెలీక, కండ్లు మూసుకోని పురుగుతో సహా తాగేసినాడంట. పిల్ల అవ్వ మంచంలో లేసి కూచోని, "అబ్బయా, చేన్లోనుంచి వస్తివా, చేనునే ఏసుకోని వస్తివా" అని అడిగింది. చుట్టాలు చేటలు తీస్కోని విసిరినారు, ఇసనకర్రలతో కొట్టినారు, పురుగులకు తగిలినవి తక్కువ, మద్దిలేటికి తగిలినవి ఎక్కువ. ఆఖరుకు పిల్ల నాయిన లేసి నిలబడి, "పురుగు పట్టిన చేనుకే మందు కొట్టలేక చస్తాంటే, పురుగు పట్టిన అల్లుడు నాకెందుకయ్యా, పోయిరాండి" అన్నాడంట.

తిక్కమ్మ ఇంటికొచ్చి ఆ చొక్కాను కొడుకు బట్టలున్న పెట్టెలోనే పడేసింది. ఇంగేముంది, వాసన పెట్టెకంతా పట్టె. ఏ చొక్కా ఏసుకున్నా, పొద్దు గూకితే చాలు, మద్దిలేటి ముందర నడుస్తాంటే ఎనకాల పొగ మాదిరి రెక్కలపురుగులు. తిక్కమ్మ మిరపకాయలు దిష్టి తీసింది. సోది చెప్పే ఆయమ్మ వచ్చి చెయ్యి పట్టుకోని చూసి, "పోయిన జన్మలో నువ్వు శనగచెట్టువి నాయినా, నీ రుణం తీరలేదు" అని చెప్పి చేట నిండా బియ్యం తీస్కోని పోయింది. ఊర్లో రైతులు మాత్రం వేరే లెక్క ఏసినారు. పురుగు ఈయన ఎంట పోతాంది గదా, ఈయన్నే చేన్లో తిప్పితే పోలా అనుకున్నారు. చేను కొసన తొట్టిలో సబ్బునీళ్ళు పోసి, పైన లాంతరు కట్టి, "మద్దిలేటీ, మా చేన్లో ఒక సుట్టు రా నాయినా" అని బతిమాలినారు. ముందర మద్దిలేటి, ఎనక రెక్కలు. తొట్టి కాడికొచ్చి మద్దిలేటి పక్కకు జరిగి చొక్కా దులిపితే అవన్నీ నీళ్ళల్లో. సుట్టు తిరిగినందుకు ఒకరింట్లో కోడికూర, ఒకరింట్లో ఓళిగలు. పేరు గూడ మారిపాయె, రెక్కలసామి అనబట్టిరి. మద్దిలేటికి మెల్లమెల్లగా అది రుచించింది. నడక మారింది, చేతులు ఎనక్కి కట్టుకోని నడవబట్టె. ఎన్నడూ పట్టించుకోని ముసలోళ్ళు గూడ లేసి కూచోబెడతాంటే ఎవరికి చేదు.

ఇదంతా చూసి చౌడేశ్వరికి మొదట కడుపుబ్బ నవ్వొచ్చింది. బావ నవ్వినదానికి బదులు తీరింది గదా. కానీ ఒక పొద్దు మిషను మీద కూచోని ఉండగా తిక్కమ్మ వచ్చి వాళ్ళ నాయిన ముందర కూలబడి, "అన్నా, నీతో దాచినా, తప్పే. బయట సంబంధం సూసినా. ఇంగ నా కొడుక్కు బయటోళ్ళు ఎవరిస్తారు పిల్లను. పురుగులోడు అని చుట్టుపక్కలంతా తెలిసిపోయె. మన చౌడిని ఇయ్యి" అనింది. ఉసేనప్ప గడ్డం గోక్కోని, "మన పిల్లకు పురుగులంటే అలవాటే గదమ్మా, బుట్టలు గూడ కడతాది" అన్నాడంట. అంతే, మాట అయిపోయింది. తెల్లారితే తాంబూలాలు. చౌడేశ్వరి సూది రవికెలో దిగాల్సింది ఏలులో దిగింది.

ఆమెకు బావంటే అసహ్యమేమీ లేదు. చిన్నప్పుడు ఒకే తట్టలో మట్టి తిన్నారు, ఒకరి చీమిడి ఇంగొకరు చూసినారు. మొగుడంటే మాత్రం రాదు మనసు. ఆ మనిషిని తాళి కట్టేచోట ఊహించుకుంటే ఆమెకు నవ్వే వస్తాది. నిజం చెప్తే పీడ పోతాది. చెప్తే ఏమంటారు. ఒక సంబంధం చెడగొట్టింది, ఊరినంతా ఎర్రిమొగాల్ని చేసింది, సోది ఆయమ్మకు బియ్యం పోసినోళ్ళ ముందర తలెత్తుకోగలదా. మిషను కాడికి ఇంగ ఒక్క రవికె వస్తాదా. ముందు బిళ్ళ తీసేద్దామని పోయి, "బావా, ఆ చొక్కా ఇయ్యి, కాలరు సరిజేస్తా" అని అడిగింది. "తాకద్దు మ్మే, అది మహిమ పట్టిన చొక్కా" అన్నాడంట ఆ మహానుభావుడు.

పొద్దు గూకతాండాది. మద్దిలేటి ఉసేనప్ప చేన్లో సుట్టు తిరిగి తొట్టి కాడ కూచున్నాడు. చౌడేశ్వరి పోయి గట్టు మీద కూచుంది. "బావా, నన్ను చేసుకుంటావా" అని అడిగింది. "చేసుకోక. నాకెవరుండారు" అన్నాడు. "నేనంటే ఇష్టమా." "నువ్వంటే భయం మ్మే. మిక్సీ ఇప్పినట్ల నన్ను గూడ ఇప్పుతావు" అన్నాడు. ఇద్దరూ నవ్వినారు. నవ్వి నవ్వి ఊరకైనంక ఆయన మెల్లగా, "అందరూ ఇసనకర్రలతో కొడతాంటే ఆ పిల్ల మాత్రం కొట్టలేదు మ్మే" అన్నాడంట. "ఏ పిల్ల?" "కుళ్ళాయమ్మ. నా చెవిలో దూరబోయిందాన్ని రెండు వేళ్ళతో తీసి, 'కాఫీలో ఉండేదాన్ని మింగినారా' అని అడిగి నవ్వింది. ఎగతాళి నవ్వు గాదు. ఆ నవ్వు ఇంగా యాదికొస్తాది. నంబరు గూడ ఇచ్చినారు అప్పుడు, వాళ్ళింటి ఫోనుది. చేద్దామంటే ఏమని చెప్పాల. నేను పోయిన జన్మలో శనగచెట్టును, పిల్లనియ్యండి అని చెప్పాల్నా?" అని తల వంచుకున్నాడు. రెక్కలపురుగు ఒకటి వచ్చి ఆయన జుట్టులో కూచుంది. దాన్ని గూడ తోలలేదంట, అలవాటు పడిపోయినాడు. రెక్కలసామి సామి గాదు, ఇష్టమైన పిల్లను పోగొట్టుకున్న మనిషి అని చౌడేశ్వరికి అప్పుడు తెలిసిందంట. తాను నవ్వుకుంటా కుట్టిన కుట్టు ఎవరి మెడకు బిగిసిందో గూడ అప్పుడే తెలిసింది.

"ఆ నంబరు నాకియ్యి బావా" అనింది. "నీకెందుకు?" "రవికె కొలతలు అడగల్ల" అనింది. పిచ్చోడు, ఇచ్చేసినాడు. చౌడేశ్వరి ఫోను తీస్కోని గట్టెమ్మడి దూరంగా పోయి నిలబడింది. ఏలు బటను మీద పెడతాది, తీస్తాది. పెడతాది, తీస్తాది. పిల్ల నాయిన ఎత్తితే ఏం చెప్పాల, మీ ఇంటికొచ్చిన పురుగులు మా బావవి గావు, నావి అని ఎట్ల చెప్పాల అని లోపల లోపల చదువుకుంటాండాది. ఊరి ముందర నేను ఎర్రిదాన్నైనా సరే, రవికెలు రాకపోయినా సరే, ఈ ఒక్క కుట్టు నేనే ఇప్పుతా అనుకుందంట. ఈసారి ఏలు తియ్యలేదు.

వాళ్ళ నాయిన ఎత్తుతాడని ఆమె భయపడతాండాది గానీ, ఆ ఫోను యాడుండాదో ఆమెకేం తెలుసు. పెండ్లిచూపుల పొద్దునుంచీ అది నా కొంగులోనే ముడేసుకోని ఉండె, ఆ మూలాయన చేస్తాడేమోనని. ఆయన చెయ్యలేదు, ఆయన మరదలు చేసింది. దగ్గు, ఇంగ బాగా దగ్గు.