దిష్టి తగలని ఎత్తు

ట్యూనిస్ స్టేడియంలో ఎత్తు దూకే పోటీ చివరికొచ్చింది, ఇద్దరు కుర్రాళ్లే మిగిలారు. మెట్ల మీద పక్కపక్కనే ఇద్దరు నానమ్మలు, ఆ ఊరి లల్లా మన్నూబియా, మనవడి కోసం సిరియా నుంచి వచ్చిన ఉమ్ గస్సాన్.

“...వాడా? వాడే మా ఖ్మైస్. ఆ వంకర కాళ్ల ఒంటె. ఇవాళ్టికీ ఏ చెప్పు ఏ కాలిదో తెలీదు. వాడేం దూకుతాడులే!”

“అదేం మాట లల్లా! నాకైతే చూపు తిప్పుకోబుద్ధి కావట్లేదు. ఆ భుజాలేంటి, ఆ నడుమేంటి! అచ్చం జింకపిల్లే!”

“ఉమ్ గస్సాన్, ‘మాషాల్లా’ అనే మాట మీ సిరియాలో కరువైందా? ఆ మాట లేకుండా పొగిడితే పిల్లాడికి దిష్టి కొడుతుందని నీకు తెలీదూ?”

“అయ్యో, మరిచేపోయా. వయసు మీద పడిందిగా.”

“ఆఁ, ఆఁ. మీ యమాన్‌ని చూస్తే నాకూ అదే మరుపొస్తోంది. ఎంత చక్కటి పిల్లాడమ్మా! ఆ కనుబొమలు ఎవరు దిద్దారో!”

“మా వాడికి చక్కదనమా? మాడిన రొట్టె మొహం. పుట్టినప్పుడు మంత్రసానే జడుసుకుంది. అదేంటి లల్లా, దిష్టికి అడ్డం పెట్టినట్టు ఐదు వేళ్లూ చాచి నా మొహం మీదికి తెచ్చారు?”

“ఈగలు.”

“ఈగలా? ఎక్కడా లేవే!”

“పొగడ్తల వాసనకి వస్తాయి. ఇదిగో, గుమ్మడి గింజలు నములు. నోటికి కాస్త వేరే పని ఉంటుంది.”

“ఇలా ఇవ్వండి. అరె, మీ ఖ్మైస్ పరుగందుకున్నాడు! ఆహా, గాల్లో పట్టుబట్ట తేలినట్టు—”

“నోర్ముయ్!”

“—అయ్యయ్యో. మడమ తగిలింది. కర్ర పడిపోయింది పాపం.”

“మూడోసారీ పడింది. వాడి పని అయిపోయింది. నీ కడుపు చల్లగా ఉండ, ఆ పట్టుబట్టతోనే చుట్టి పడేశావుగా!”

“నేనేం చేశాను? మా వాడు మాత్రం రెండుసార్లు పడగొట్టలేదూ? మీ కళ్లు ఆ కనుబొమల మీద పడ్డ దగ్గర్నుంచే!”

“వాడికింకో అవకాశం ఉందిగా. దాటితే బంగారు పతకం మీది. పడితే మాది. కింది ఎత్తు మా వాడు మొదటిసారికే దాటాడు, మీ వాడికి రెండోసారికి గానీ కుదర్లేదు. అందుకని.”

“తెలుసు... తెలుసులెండి.”

“ఏం, గొంతు తగ్గింది? గింజ అడ్డం పడిందా? కానీయ్, తిట్టు వాడిని. దూకేముందు తిట్టకపోతే దిష్టి తగలదూ?”

“తిడతా. వాడు... ఆ దరిద్రపు... ఎటు చూస్తున్నాడు లల్లా? నాకు కళ్లు మసకలొస్తున్నాయి.”

“నీ వైపే. చెయ్యెత్తాడు.”

“ఆ ఎడమకాలికి రెండుసార్లు కోత పెట్టారు. ఇక నడిస్తే చాలన్నాడు డాక్టరు. నా భుజం పట్టుకుని మళ్లీ అడుగులు నేర్చుకున్నాడు. అటు చూడండి, ఎంత నిటారుగా నిలబడ్డాడో! ఎంత అందంగా ఉన్నాడో నా బంగారు తండ్రి! లోకంలో వాడికి సాటి—”

“ఉమ్ గస్సాన్! ఏమన్నావ్?”

“అయ్యో! అయ్యో, నా నోరు పడిపోను! నేనే అనేశానే! వాడు కదిలాడు లల్లా, పరిగెత్తుతున్నాడు! ఇప్పుడు తిడదామంటే ఒక్క తిట్టూ నోటికి రావట్లేదు! ఏం చెయ్యను?”

“పక్కకి జరుగు. చెవులు మూసుకో చెల్లీ. ఒరేయ్ యమాన్! మసిగుడ్డ మొహమోడా! కుంటికొంగా! ఈ భూమ్మీద నీయంత అనాకారి ఇంకోడు లేడు, మా ఖ్మైస్‌గాడు కూడా నీ ముందు దిగదుడుపేరా!”