వెనక పాయ

ఎనుగు పట్నం దగ్గరి పల్లెలో ఒబియోరాను మట్టి చేసిన ఎనిమిదో రోజున, అతని అక్క కొత్త బ్లేడు పట్టుకుని మరదలి గదిలోకి వచ్చింది. మొగుడు పోయినామెకు గుండు చెయ్యాలి. మరదలేమో అద్దం ముందు కూర్చుని, తన ఉంగరాల జుట్టు మీద నీళ్లు చల్లుకుంటోంది.

"ఇప్పుడా నీకు సింగారం? సిగ్గులేదూ?"

"సింగారం కాదు వదినా. తడిపి, ఆరకముందే షియా గింజల వెన్న పట్టించకపోతే ఈ జుట్టు పుల్లల్లా విరిగిపోతుంది."

"ఎలాగూ తీసేసేదేగా! మా అమ్మ తీయించుకుంది, నేనూ తీయించుకున్నా."

"ఇష్టమేనా అని మిమ్మల్ని ఎవరన్నా అడిగారా?"

"నన్నెవరడుగుతారే!"

"మరి నన్నడగండి. వద్దంటాను."

"మొగుడంటే ప్రేమే లేదంటారు జనం."

"అననీండి. ప్రతి ఆదివారం ఈ తలను నాలుగు పాయలు తీసి, వెన్న రాసింది మీ తమ్ముడే. ఆయన చేతులు తిరిగిన జుట్టు మీద బ్లేడు పడనివ్వను."

"మావాడా? నీ తలకా?"

"ఆయనే. ఇవాళ మూడు పాయలకి నేనే రాసుకుంటా. వెనక పాయ నాకు అందదు, ఎప్పుడూ ఆయనే రాసేవాడు. ఆ బ్లేడు అవతల పెట్టి దువ్వెన తీసుకుంటారా, బయటికి నడుస్తారా?"

ఆడపడుచు అద్దం పక్కన బ్లేడు పెట్టి, దువ్వెన తీసుకుంది.

"వాడు ఎంత వెన్న రాసేవాడు?"