ముందు, తర్వాత

మందుల వల్ల జుట్టంతా రాలిపోయిన సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప బయటికి పొక్కకుండా దాచుకుందామె. అది కాస్తా బజారున పడ్డాక, తను విగ్గు కొన్న దుకాణానికి వచ్చి, అక్కడి పిల్లను నిలదీసింది.

“నా బోడితల ఫొటో మీ దుకాణం ఫేస్‌బుక్ పేజీలో పెట్టావేం?”

“పక్కనే విగ్గుతో ఉన్నదీ పెట్టాగదక్కా! మహారాణిలా ఉన్నారు.”

“ఒక్కమాట అడగొద్దూ?”

“అడిగితే వద్దంటారుగా!”

“ముందు తీసెయ్.”

“ఇదిగో, మీ కళ్ళముందే తీసేశా. చల్లబడ్డారా?”

“మా అమ్మాయి క్లాసులో అందరి ఫోన్లలోనూ ఉంది. అక్కణ్ణుంచీ తీస్తావా?”

“నవ్వే నోళ్ళు నాలుగు రోజులక్కా. తర్వాత వాళ్ళే మర్చిపోతారు.”

“బోడమ్మ కూతురంటున్నారంట. నన్ను కాలేజీ గేటు దగ్గరికి రావద్దంది.”

దుకాణం పిల్ల ఆమె తలవైపే కాసేపు చూసింది.

“అయ్యో పాపం! ఇంకాస్త ఒత్తుగా ఉన్నది చూపించనా అక్కా?”