లేబుల్ మీద లేని నూనె

చొప్పదండి తహసీల్ ఆఫీసు ముంగట, భూమి అమ్మనీకి వచ్చిన బావ, తోడుగ వచ్చిన బామ్మర్ది కూసున్నరు.

"గా భానుప్రసాద్‌గాడే నన్ను ముంచిండు. మన కారం ప్యాకెట్లకు లేబుల్ కొట్టింది వాడే."

"నూనె సంగతి వానికి చెప్పినవా బావా?"

"కారం దంచేటప్పుడు జర పల్లినూనె ఎయ్యని ఇల్లున్నదా? మా అవ్వ ఏసింది, నేనేసిన."

"ఏసుడు తప్పు కాదన్నడు గదా ప్యాకెట్లు తనిఖీ చేసిన సారు. లేబుల్ మీద రాయకపోవుడే తప్పట."

"మరి వాడు రాయొద్దా?"

"వాడు అడిగిండు. 'ఏం కలపలే, ఉత్త మిరపకాయలే అని పెద్దగ కొట్టు' అన్నది నువ్వే. నేను పక్కనే ఉన్న."

"ఇదివరకు విడిగ తూకమేసి అమ్మితే ఎవడడిగిండు?"

"లోపలికి పిలుస్తున్నరు. భూమి అమ్మితేనే మూడు లక్షల జుర్మానా కట్టేది, లే."

"కాయితంల ఎంత రాసిండ్రో జర సదువు. మూడో తరగతిలనే బడి ఇడిసినోన్ని."

"ఆరు గుంటలు, బావా. ఉన్నదంతా."