సముద్రపు పిల్ల చివరి మాట

హలో… ఆ, నేనేనే భానూ, స్నిగ్ధని… జర్మనీ నంబరు చూసి కూడా ఎవరంటావేంటి?

…నీ పుస్తకం అందింది. ఇందాకే. ఇవాళ ఇంటినుంచే పని. మీటింగులో ఉండి బెల్లు వినలేదు. కొరియర్‌వాడు పార్సిల్ పక్కింటావిడకిచ్చి పోయాడు. వెళ్లి తెచ్చుకున్నాను.

…బాగుంది. అట్ట బాగుంది. నీలం రంగు చక్కగా కుదిరింది… ఆ, నా పేరూ చూశాను. ‘కొరియన్ నుంచి నేరుగా తెలుగులోకి: స్నిగ్ధ’. పెద్ద అక్షరాల్లోనే వేయించావు.

…లేదు, జలుబేం లేదు. భానూ, ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పు. ఆఖరి కథలో చివరి పేజీ ఎవరు రాశారు?

…అచ్చుతప్పుల సంగతి కాదే. నేను పంపిన పేజీ ఇందులో లేదు. దాని బదులు ఇంకేదో ఉంది.

…ఎడిటింగా? ఎడిటింగంటే వాక్యం సరిచెయ్యడం. తలకాయ తీసేసి వేరే తలకాయ అతికించడం కాదు.

…గుర్తు లేదా? సరే, నేనే గుర్తుచేస్తా. ఏడు కథలు. మనిషి మారి మారి, ఇక మనిషి కాకుండా పోయాక ఎలా బతుకుతాడన్నవి. ఆకుల్లాగా ఎండ తిని బతికేవాళ్ల కథ నీకు నచ్చింది. నాకు ఈ ఆఖరిది. తరతరాలు సముద్రంలోనే బతికి చెవులు మూసుకుపోయిన జనం. అరచేతుల్లో వెలుగు పుడుతుంది, దాంతోనే మాట్లాడుకుంటారు. మిమ్మల్ని మళ్లీ మామూలు మనుషుల్ని చేస్తానని ఒడ్డునుంచి ఓడలో ఓ డాక్టరొస్తాడు. అప్పుడు ఆ సముద్రపు పిల్ల ఏమంటుంది?

…చెప్పు. నీకు తెలుసు. యూనివర్సిటీలో ఒకే బెంచీ మీద కూర్చునేగా ఇద్దరం కొరియన్ నేర్చుకుంది.

…ఆఁ, అదే. ‘పాపం, మీ చేతులెందుకింత చీకటిగా ఉన్నాయి?’ అంటుంది ఆ డాక్టర్ని. అని, నీళ్లలోకి వెళ్లిపోతుంది. అంతే కథ.

మరి నువ్వు అచ్చేసిన పుస్తకంలో? ఆపరేషన్ చేయించుకుంటుంది. కట్టు విప్పగానే అమ్మ గొంతు వినపడుతుంది. కళ్లనీళ్లు పెట్టుకుంటుంది… ఆ అమ్మ కూడా సముద్రపు మనిషే కదే! ఆవిడకి గొంతెక్కణ్నుంచి వచ్చింది?

…నేను నవ్వట్లేదు.

…ఎవరూ? వాసుదేవరావు గారా? రేపు ఆవిష్కరణకొచ్చే పెద్దాయనా? ఆయన మార్చమన్నారా?… ఆగు, ఆగు. నిన్న సాయంత్రమే నాకు మెయిల్ పెట్టారాయన. పుస్తకం ఇంకా చేతికి రాలేదమ్మా, సభలోనే చూస్తానని. చూడని కథని ఎలా మార్చమంటారు?

…

భానూ. నువ్వే కదా.

…ఊఁ.

…చెప్పు, వింటున్నాను.

…ఎవరి కోసం?… మళ్లీ అను.

…సహస్ర కోసమా!

…ఓహో. నా కూతురికి పుట్టినప్పట్నుంచీ వినపడదు, తొమ్మిదేళ్లొచ్చాయి, కాబట్టి కథలోనైనా ఒక పిల్లకి వినపడితే నా కడుపు చల్లబడుతుంది. అంతేనా?

…దానికి వినపడాలని మొక్కుకున్నావు, సరే. దానితో ఒక్కసారైనా మాట్లాడావా? పోయినేడు మా ఊరు ఉంటర్‌ఫ్యోరింగ్ వచ్చి పదిరోజులు మా ఇంట్లో ఉన్నావు. చెయ్యూపావు, ఫొటోలు దిగావు. నాలుగు సైగలు నేర్పుతానని మా ఆయన సుమంత్ అంటే, ‘ఇప్పుడెందుకులే అన్నయ్యా, ఎలాగూ ఆపరేషన్ చేయిస్తారుగా’ అన్నావు. అది అక్కడే నిలబడి నీ పెదాలు చూస్తోంది… డాక్టర్ల దగ్గర ఎన్ని టెర్మిన్లకి, అదే అపాయింట్‌మెంట్లకి, తిరిగామో నీకు తెలియదా? వినికిడి నరమే లేదు, ఏ మెషినూ పనిచెయ్యదని డాక్టర్లు అన్నది నీకెన్నిసార్లు చెప్పానే!

…ఆశా? విను. తెలుగులో ఒక్క ముక్క రాయకముందే ఈ కథ దానికి చేతుల్తో చెప్పాను. ఆ చివరి మాటకి మంచం మీద గెంతులేసింది. ‘వాళ్లు నాలాంటివాళ్లా? మీ అందరి తర్వాత పుట్టేవాళ్లా?’ అనడిగింది. క్లాసులో ప్రతి పిల్లకీ చెప్పింది. ఏ కథలో చూసినా ఎవరో ఒకరొచ్చి దానిలాంటి పిల్లని బాగుచేసేస్తారు. ఇదొక్కటే మిగిలింది. దీన్ని కూడా బాగుచేశావు నువ్వు.

…ఏడవకు. ఏడ్చి నన్ను ఓదార్చమనకు.

…సరే, బైండింగ్ అయిపోయింది. ఒక కాగితం అచ్చువేసి లోపల పెట్టు. ‘అసలు ముగింపు ఇది’ అని. అంతే… పరువు పోతుందా? మరి అసలు కథ రాసినావిడ పరువు?

…ఆవిడకి తెలుగు రాదు, నిజమే. సియోల్లో ఉన్న మనిషికి ఏం తెలుస్తుందనేగా నీ ధైర్యం.

తెలిసింది. నేనే ఆవిడకి మెయిల్ రాశాను.

…ఇందాకే. నీకు చేసేముందే. నీ పేజీ కొరియన్‌లోకి తిప్పి, పక్కన అసలు పేజీ పెట్టి పంపించాను. పుస్తకం మీద నా పేరు వద్దని కూడా రాశాను.

…అరవకు… తెలుసు. అనుమతి వెనక్కి తీసుకుంటుంది. రేపు సభ ఉండదు. అన్నీ తెలిసే రాశాను. నువ్వు ఒప్పుకుంటే చేతులాడవని ముందే పంపేశాను.

…పదహారేళ్ల స్నేహమని నువ్వనకు. ఆ మాట నేననాలి. ఒక్క ఫోన్ చేసుండాల్సింది భానూ. ఒక్కటి. తిట్టేదాన్ని, పోట్లాడేదాన్ని, మర్నాటికి మర్చిపోయేదాన్ని.

…ఉండు. తలుపు… సహస్ర. స్కూలు బస్సొచ్చేసింది.

…ఆ, చూసేసింది. నీ పుస్తకమే. తెలుగు రాదుగా, అట్ట మీద బొమ్మ చూసి గుర్తుపట్టింది. పేజీలు తిప్పుతోంది… చివరిది తెరిచి నా ముందు పెట్టింది. ఆ పిల్ల మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటోంది.

…ఏం చెప్తాను? ఉన్నదే చెప్తాను. భానూ పిన్ని తీసేసిందని.

…క్షమాపణా? దానికా?… స్పీకరు పెట్టమంటున్నావా? విన్నావా, ఏమన్నావో నువ్వు?

…లేదు. వీడియో కూడా వద్దు. ఏం చెప్తావు, ఒక్క సైగైనా రాకుండా?

…ఉంటాను… లేదే, పెట్టెయ్యాలి. నా కూతురు అడుగుతోంది. జవాబు చెప్పాలంటే నాకు రెండు చేతులూ కావాలి.